గ్రీకు సంతలో కొలతరాయి

తూనికలు కొలతల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. రూల్సు గురించి ఏదో అడుగుతారు, కాఫీ తాగుతారు, పోయే ముందు దాదాపు అందరూ ఒకే మాట అంటారు. "పోలీసులంటే భయపడతారు, రెవెన్యూ వాళ్లంటే లేచి నిలబడతారు. మన శాఖ ఒకటి ఉందని కూడా జనానికి తెలియదు మేడం."

నేను కాదనను. ముప్పై ఏళ్లకు పైగా ఇన్‌స్పెక్టరుగా చేసిన నన్ను మా అక్కచెల్లెళ్లే "త్రాసుల ఆఫీసులో ఏదో పని" అని చుట్టాలకు చెప్పేవాళ్లు. కానీ ఆ పిల్లలకు నేను ఒకటి అడుగుతాను. మీ ఉద్యోగానికి వయసెంతో తెలుసా అని. వాళ్లకు తెలియదు. నాకూ రిటైర్మెంటు దగ్గరపడేదాకా తెలియలేదు. తెలిసిన తర్వాత నెల తిరక్కుండా, నా సర్వీసు మొత్తంలో ఎన్నడూ చేయనంత పెద్ద తప్పు చేశాను. ఆ రెండూ ఒకే కథ కాబట్టి కలిపే చెబుతాను.

అప్పటికి నంద్యాల ఇంకా జిల్లా కాలేదు. మాది అద్దె ఇంట్లో రెండు గదుల ఆఫీసు. ఒక గదిలో కాగితాలు, ఇంకో గదిలో టేకు పెట్టెలు. ఆ పెట్టెల్లో మఖ్మల్ గుడ్డ మధ్య ప్రమాణ కొలతలు ఉండేవి. లీటరు, అయిదు లీటర్లు, పది లీటర్లు, అన్నీ ఇత్తడివి. వాటిని తుడవడం, మోయడం, అంగళ్ల ఇనుపగుండ్ల అడుగున సీసం పోసి ముద్ర కొట్టడం మా సహాయకుడి పని. ఆయన్ని నేను భాయ్ అనేదాన్ని. నాకంటే రెండేళ్లు పెద్ద. వాళ్ల నాయన వీధివీధీ తిరిగి పాత్రలకు కళాయి పూసేవాడట. అందుకేనేమో భాయ్‌కి ఏ గిన్నె చూసినా దాని లోపలి వంపు, అడుగు మందం కంటితోనే తెలిసిపోయేవి. వెలుగోడు సంతలో ఒకసారి దూరం నుంచే ఒక నూనె కొలత చూసి, "అమ్మా, దాని అడుగు లోపలికి కొట్టినారు," అన్నాడు. తీసి కొలిస్తే నిజమే. ఆ వ్యాపారి, "తేడా టీ గ్లాసు అంత గూడా లేదు గదా మేడం," అని బతిమాలుకున్నాడు. నేను వినలేదు. కేసు రాశాను.

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి ఒక శిల్పి మా ఆఫీసుకు వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. చొక్కా మీద రాతిపొడి అట్లాగే ఉంది. చేతిలో మడతపెట్టిన పెద్ద కాగితం.

"మేడం, లీటర్లు కొలిచేది మీరేనంట గదా."

"అవునప్పా. ఏం కావల్ల?"

"రాతిలో గుంతలు తవ్వుతాండా. అవి సరిగ్గా ఉండాయో లేదో మీరు చెప్పల్ల."

కాగితం బల్ల మీద పరిచాడు. అయిదడుగుల పొడవు రాతి దిమ్మె బొమ్మ. పైన వరుసగా నాలుగు గుండ్రటి గుంతలు, ఒకదానికంటే ఒకటి చిన్నవి. ప్రతి గుంత అడుగునా ఒక రంధ్రం. ముందువైపు అంచు మీద మాకెవరికీ తెలియని లిపి. పెద్ద నగరంలో ఒక మ్యూజియం వాళ్లు పాతకాలపు సముద్ర వ్యాపారం మీద ఒక గది కడుతున్నారు. దానికోసం ఒక పాతకాలపు రాయికి నకలు చెక్కమని ఆర్డరిచ్చారు. ఇరవై అయిదేళ్లుగా దేవుళ్ల విగ్రహాలు చెక్కిన మనిషి అతను. ముక్కు, కన్ను, వేలు, అన్నీ శిల్పుల తాళం కొలత ప్రకారం చెక్కగలడు. కానీ ఈ గుంత ఎనిమిది లీటర్ల చిల్లర పట్టాలి, ఆ గుంత నాలుగు లీటర్లు పట్టాలి అంటే ఎట్లా చూసుకోవాలో తెలియక వచ్చాడు.

అది మా శాఖ పని కాదు. అది అమ్మకానికో కొనడానికో వాడే కొలత కాదు. అయినా ఆ బొమ్మ చూస్తుంటే నాకు చేతులు ఊరుకోలేదు. పై అధికారికి ఉత్తరం రాసి, కొలతలు బయటికి తీసుకెళ్లడానికి అనుమతి తెప్పించుకున్నాను.

తర్వాతి వారం మ్యూజియం నుంచి ఒక అధికారి ఆళ్లగడ్డకు వస్తున్నాడంటే నేనూ భాయ్ బస్సెక్కి వెళ్లాం. రేకుల షెడ్డు కింద పాలరాయి దిమ్మె పడుకుని ఉంది. దాని పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని ఆ అధికారి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ దాదాపు అట్లాగే గుర్తున్నాయి.

ఈజిప్టు మొదలు మన సరిహద్దుల దాకా గ్రీకు రాజులు పంచుకుని ఏలిన కాలమట అది. ఈజిప్టు నుంచి ఓడలనిండా గోధుమలు, రోడ్స్ దీవి నుంచి ద్రాక్షసారా, ఇంకో చోటి నుంచి ఆలివ్ నూనె. డీలోస్ అని ఒక చిన్న దీవి, దాంట్లో పెద్దగా ఏమీ పండదు. అయినా సముద్రం మధ్యలో ఉన్నందుకు అన్ని దేశాల సరుకూ అక్కడే చేతులు మారేదట. ఒక్కో ఊరికి ఒక్కో కొలత. ఒక ఊరి మానెడు ఇంకో ఊరి మానెడుకు సరిపోదు. భాషలు వేరు, దేవుళ్లు వేరు, ఒకరినొకరు నమ్మడానికి కారణమేమీ లేదు.

"మరి గొడవలు రావా సార్?" అని అడిగాను.

"వస్తాయి. అందుకే ఈ రాయి," అన్నాడాయన. "సంత మధ్యలో దీన్ని నిలబెట్టేవారు. అమ్మేవాడి కొలత మీద అనుమానం వస్తే ఎవరైనా సరే, ఆ గింజలు తెచ్చి ఈ గుంతలో పోసి చూసుకోవచ్చు. అడుగున బిళ్ల లాగితే గింజలు కింద సంచిలో పడతాయి. కొలతలు చూడటానికి ప్రతి ఊళ్లోనూ ఒక అధికారి ఉండేవాడు. సంతలో తిరగడం, తప్పుడు కొలతలు పట్టుకోవడం, జరిమానా వేయడం ఆయన పని. అగోరనోమోస్ అనేవారు. సంత అధికారి అన్నమాట."

భాయ్ నా వైపు చూశాడు. "అమ్మా, అది మన ఉద్యోగమే గదా."

"రోడ్స్ వాళ్ల సారా జాడీలకు రెండు చెవులుంటాయి," అని ఆయన ఇంకా చెప్పాడు. "పచ్చిమట్టిగా ఉన్నప్పుడే చెవుల మీద ముద్ర కొట్టేవారు. ఒకదాని మీద ఆ ఏడాది అధికారి పేరు, ఇంకోదాని మీద చేసినవాడి పేరు, నెల."

ఏటి ముద్ర. నేను సీసం మీద కొట్టించేది కూడా ఏటి ముద్రే. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ నేను కిటికీ పక్కన నిటారుగా కూర్చున్నాను. టిక్కెట్టు ఇచ్చే కండక్టరుకు తెలియదు, నా పక్కన కోళ్లబుట్ట పెట్టుకున్నామెకూ తెలియదు, కానీ వాళ్ల మధ్య ప్రయాణం చేస్తున్నది రెండు వేల ఏళ్ల నాటి ఉద్యోగం. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ వయసులో అంత గర్వం మంచిది కాదని నాకూ తర్వాత తెలిసివచ్చింది.

ఆదివారం చర్చి అయిపోగానే బయల్దేరి ఆళ్లగడ్డకు పోవడం అలవాటైంది. శిల్పి కొంచెం తవ్వేవాడు, నేను నీళ్లు పోసి కొలిచేదాన్ని, ఇంకా ఎంత తవ్వాలో చెప్పేదాన్ని. రాతిలో తవ్వడం ఎక్కువైతే తిరిగి పూడ్చలేం కాబట్టి ప్రతిసారీ కొంచెం తక్కువగానే ఆపేవాళ్లం. అడుగు రంధ్రాలు మూయడానికి కట్టె బిరడాలు చేసుకున్నాం. చిన్న గుంతల మూడింటికీ బిరడాలు అడుగుతో సమంగా కూర్చున్నాయి. పెద్దగుంత బిరడాను మాత్రం చేత్తో పట్టుకుని లాగడానికి వీలుగా ఉండాలని నేనే కొంచెం పొడుగ్గా చేయించాను. అది గుంతలోకి నాలుగు వేళ్ల ఎత్తున లేచి ఉండేది.

చదివేవాళ్లలో కొందరికి ఈపాటికే తప్పు కనిపించి ఉంటుంది. నాకు కనిపించలేదు. ముప్పై ఏళ్లు అంగళ్లవాళ్ల కొలతల్లో లోపలికి పొడుచుకొచ్చినవన్నీ వెతికిన నాకు, నా సొంత బిరడా కనిపించలేదు.

"ఇంకొంచెం తవ్వల్లప్పా," అన్నాను చివరిసారి. అతను తవ్వాడు. కొలిచాను. సరిపోయింది. ఆ తర్వాత అతని భార్య ఆ రాయి పైముఖమంతా రుద్దే పనిలో పడింది. పాలిష్ పని ఆమెది. సానరాయి, నీళ్లు, చేతులు, అంతే. మూడు వారాలు రుద్దితే ఆ పాలరాయి ముట్టుకుంటే చల్లటి పాలమీగడలా తయారైంది. అంచు చుట్టూ శిల్పి రెండు సన్నని గీతలు తీశాడు.

మ్యూజియం అధికారి పరీక్షకు వస్తానన్న తేదీకి పది రోజుల ముందు, అసలు రాతికి ఉన్నట్టే చేయించిన ఇత్తడి బిళ్లలు పార్సిల్లో పంపించాడు. అవి సరిగ్గా కూర్చుంటాయో లేదో చూద్దామని నేనూ భాయ్ వెళ్లాం. శిల్పి టీ తేవడానికి రోడ్డు మీదికి పోయాడు. భార్య వెనక ఇంట్లో ఉంది. భాయ్ ఒక చేతిలో కట్టె బిరడా, ఇంకో చేతిలో ఇత్తడి బిళ్ల పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఇత్తడి బిళ్లను పెద్దగుంత అడుగున పెట్టాడు. అది రాతితో సమంగా కూర్చుంది.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ కట్టెది గుంతలోకి లేస్తాండె. ఇది లేయదు. లేచినంత మేర మనం నీళ్లు తక్కువ పోసినాం గదా."

కొలిచాను. పెద్దగుంత పట్టాల్సినదానికంటే ఎక్కువ పట్టింది. ఎంత ఎక్కువ అంటే, ఒక టీ గ్లాసుడు.

దిమ్మె మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. శిల్పికి తెలియదు. మ్యూజియం ఆయన కొలిచినా బహుశా పైపైన చూస్తాడు. అద్దాల వెనక పెట్టే రాయిలో ఎవరు గ్లాసులు లెక్కపెడతారు? ఈ ఆలోచనలన్నీ వచ్చాయి. రాలేదని అబద్ధం చెప్పను. భాయ్ కట్టె బిరడాను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. నేను ఆయన ముందర ఎన్నిసార్లు అంగడివాళ్ల మీద కేసులు రాశానో ఆయనకే బాగా తెలుసు.

శిల్పి టీ గ్లాసులతో వచ్చాడు. అతని భార్యను కూడా పిలవమన్నాను.

"పెద్దగుంత ఎక్కువైంది," అన్నాను. "నీ తప్పు ఏమాత్రం లేదప్పా. బిరడా పొడుగ్గా చేయించింది నేను, చూసుకోనిది నేను. నువ్వు నేను చెప్పినంతే తవ్వినావు."

అతనికంటే ముందు భార్యే మాట్లాడింది.

"మూడు వారాలు రుద్దినా మేడం. సేతులు సూడండి. ఇప్పుడు సెప్తాండారా?"

"ఇప్పుడే తెలిసిందమ్మా."

"కొలిచే పనే మీది. అది గూడా సరిగ్గా చేయకపోతే ఎట్ల?"

నేను చేతిలోని కొలతను దిమ్మె మీద పెట్టేశాను.

"ఎంత ఎక్కువ?" అని శిల్పి అడిగాడు.

నేను అతని చేతిలోని గ్లాసు చూపించాను. అతను ఆ గ్లాసును, గుంతను మార్చి మార్చి చూశాడు. టీ చల్లారిపోయేదాకా దిమ్మె చుట్టూ తిరిగాడు.

"సిమెంటు పూసి పాలిష్ పట్టిస్తే కనపడదు," అన్నాడు చివరికి. "గానీ అది నేను చేయను. గుంత తగ్గించేదానికి లేదు. గట్టు తగ్గిస్తా."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను అరచేతిని పైముఖం మీద ఆనించి, కిందికి నొక్కినట్టు చూపించాడు. రాయి పైభాగమంతా పలచగా ఒక పొర తీసేస్తే గుంత లోతు తగ్గుతుంది. లోతు తగ్గితే పట్టేది తగ్గుతుంది.

కాగితం తీసి లెక్క వేశాను. గుంత నోటి వెడల్పు కొలిచి చూస్తే, తీయాల్సిన పొర జొన్నగింజ మందంలో సగం. అంత పలచటి పొరను అయిదడుగుల రాయి మీద ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా తీయాలి. తీస్తే మిగిలిన మూడు గుంతలూ చిన్నవైపోతాయి. వాటిని మళ్లీ తవ్వాలి, మళ్లీ కొలవాలి. అంచు గీతలు పోతాయి, మళ్లీ తీయాలి. పాలిష్ మొదటి నుంచీ రావాలి. చేతిలో పది రోజులు.

"చేస్తావాప్పా?"

"మీరు కొలిచేది సరిగ్గా కొలిస్తే చేస్తా."

మర్నాడే సెలవు పెట్టాను. పది రోజులూ ఉదయం మొదటి బస్సుకు పోయి సాయంత్రం చివరి బస్సుకు వచ్చేదాన్ని. కొలవాల్సిన పని రోజుకు గంట కూడా ఉండేది కాదు. మిగిలిన టైములో ఊరికే కూర్చోలేక సానరాయి తీసుకుని ఆమె పక్కన రుద్దడానికి కూర్చున్నాను. మొదటిరోజు ఆమె నాతో మాట్లాడలేదు. రెండోరోజు నా అరచేతిలో బొబ్బలు చూసి, "అట్ల గట్టిగ పట్టుకుంటే మీ సేయి పోతాది, రాయి పోదు. ఇట్ల," అని నా మణికట్టు పట్టుకుని చూపించింది. మూడోరోజు తన సద్దిడబ్బాలోంచి కొర్రన్నం పెట్టింది. అయిదోరోజుకల్లా వాళ్ల ఇంటి సంగతులన్నీ నాకు తెలిసిపోయాయి. శిల్పి ఆ రోజుల్లోనే ఎప్పుడో నన్ను మేడం అనడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టాడు. ఎప్పుడు మారిందో గమనించలేదు.

భాయ్ ప్రతి గుంతనూ ఇత్తడి బిళ్లతోనే కొలిపించాడు. నేను ఒకసారి, ఆయన ఒకసారి, శిల్పి ఒకసారి. ముగ్గురికీ ఒకటే వస్తేనే ముందుకు. నేను తొందరపడితే, "వద్దమ్మా, బిరీన అయిపోవల్లనంటే మళ్లా బిరడా మాదిరే అయితాది," అనేవాడు. ముప్పై ఏళ్లలో ఆయన నన్ను మందలించింది ఆ పది రోజుల్లోనే. ఆ హక్కు ఆయనకు ఉంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. మ్యూజియం అధికారి కారు దిగగానే, ఆయన కాళ్లు కడుక్కోకముందే నేను జరిగినదంతా చెప్పేశాను. బిరడా, టీ గ్లాసు, పొర, అన్నీ. ఆయన విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదేమో సార్."

"అప్పటి రాళ్లలో కొన్నింటికి గుంతల్లో రెండోసారి ఉలి పడిన గుర్తులుంటాయమ్మా," అన్నాడాయన. "కొలత మారినప్పుడు వాళ్లూ ఇట్లాగే రాతి మీద కూర్చుని మళ్లీ చెక్కుకున్నారు. సరే, నీళ్లు పోయండి."

చిన్నగుంతల మూడూ ఒకదాని తర్వాత ఒకటి సరిపోయాయి. పెద్దగుంత దగ్గరికి వచ్చాం. ఇత్తడి బిళ్ల పెట్టాం. భాయ్ కొలతలు అందిస్తుంటే నేను పోశాను. చివరి పావులీటరు పోసేటప్పుడు శిల్పి భార్య వెనక నుంచి నా మోచెయ్యి పట్టుకుంది. నీళ్లు మెల్లగా పైకి వచ్చి అంచు దగ్గర ఆగాయి. ఆ అధికారి మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు రాతికి సమంగా పెట్టి చూశాడు. నీళ్లకూ రాతికీ మధ్య గీత కనిపించలేదు.

"ఇంకో చెంచాడు పోయండి," అన్నాడు.

పోశాను. పొంగి, రాతి పక్కగా సన్నగా కిందికి జారింది.

శిల్పి తన తువ్వాలతో ఆ నీటి చార తుడిచాడు. భాయ్ మా కొలతలను ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. నా సర్వీసులో నాకు ప్రశంసాపత్రాలు రెండు మూడు వచ్చాయి. అవి ఎక్కడున్నాయో కూడా తెలియదు. ఆ చెంచాడు నీళ్లు జారడం మాత్రం కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

పోయే ముందు అధికారి ముందంచు మీది అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు. అవి ఆ కొలతలు సరిచూసి, రాయిని ఊరికి ఇచ్చిన సంత అధికారుల పేర్లట.

"పేర్లా సార్?" అన్నాడు శిల్పి. "ఏదో మంత్రం అనుకోని చెక్కినా." తర్వాత నా వైపు తిరిగాడు. "అక్కా, మీ ముద్ర కొట్టరా దీనికి?"

"కొట్టగూడదప్పా. వ్యాపారంలో వాడే కొలతలకే ముద్ర. రూలు."

"రూలా," అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత లారీకి ఎక్కిస్తున్నారంటే వెళ్లాను. గొలుసుకప్పీతో దిమ్మెను పైకి లేపారు. అది గాల్లో మెల్లగా తిరిగినప్పుడు అడుగుభాగం నాకు కనిపించింది. మొరటుగా వదిలేసిన ఆ రాతి మీద తెలుగు అక్షరాలు ఉన్నాయి. "చెక్కింది ఆళ్లగడ్డలో. కొలిచింది నంద్యాల అక్క. సరిగ్గా ఉండాది."

"అడుగున రాస్తే ఎవరు చూస్తారప్పా?" అన్నాను.

"చూడకపోతే పోనీలే. ఉండనీ."

రిటైరైన మరుసటి ఏడు ఆ నగరానికి పని మీద వెళ్లి, మ్యూజియంకు టిక్కెట్టు కొనుక్కుని పోయాను. రాయిని అద్దాల వెనక పెట్టలేదు. గది మధ్యలో నిలబెట్టి, పక్కన ఒక డబ్బాలో గింజలు, కొలత పాత్రలు పెట్టారు. ఎవరైనా పోసి చూసుకోవచ్చు. పల్లె నుంచి వచ్చినట్టున్న ఒక పెద్దావిడ అక్కడ నిలబడి ఉంది. చూస్తే ఏ సంతలోనో కూరగాయలు అమ్మేమనిషిలా ఉంది. మ్యూజియం ఉద్యోగి చెప్పినట్టు పెద్దపాత్ర నిండా గింజలు తీసి పెద్దగుంతలో పోసి, అరచేతితో పైన చదును చేసింది. అంచుకు సమంగా వచ్చాయి. ఆమె ముఖంలో అనుమానం పోలేదు. బిళ్ల లాగి గింజలు కిందికి దించి, పాత్రను తిప్పి అడుగు చూసి, గుంతలో చెయ్యి పెట్టి తడిమి, మళ్లీ పోసింది.

నేను పక్కనే నిలబడి చూశాను. రెండోసారి కూడా సరిగ్గానే వచ్చింది.